జొన్నకు నలభై రోజులు

మొదటి రోజు

దొరికాయి! మా జొన్నకు నలభై రోజులు దొరికాయి! గాలి ఆఫీసు ముద్ర వేసి మరీ ఇచ్చింది!

సంతోషం పట్టలేకుండా ఉన్నాను. అక్షరాలు వంకర పోతే ఏమనుకోవద్దు. నేను దుర్గం ఓదెలును. ఆరో బాయి, కింది వరస, పదకొండో ఇల్లు. వయసు డెబ్బై ఒకటి. చదువు ఏడో తరగతి, అదీ మనుషులు ఈ గని బాయిల్లోకి కాపురం దిగకముందు, పైన ఎండలో ఇంకా బళ్లు నడిచిన రోజుల్లో. జొన్న నా కుక్క. జొన్నరొట్టె రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు. పదమూడేళ్లది. పదేళ్లు నాతో పాటు ఈ బాయిలో తిరిగి చెడుగాలి వాసన పట్టింది. అది అరిచిందంటే మనుషులు వెనక్కి ఉరికేవాళ్లు. పోయిన చలికాలం ప్రతి మలుపులో ముక్కుపెట్టెలు బిగించారు. అవే వాసన పట్టి అవే గంట కొడతాయి. మా ఇద్దరి డ్యూటీ ఒక్కరోజే పోయింది.

డ్యూటీలో ఉన్నన్నాళ్లు మమ్మల్ని ముట్టని రూలు ఇప్పుడు వచ్చి తగిలింది. డ్యూటీ లేని కుక్కకు పదేళ్లు దాటితే బుద్ధి పరీక్ష. కొత్త పని ఒకటి నేర్చుకుని, బయటి మనిషి చెబితే చేసి చూపించాలి. చూపించలేకపోతే హాజరు చూపే మస్టరు బోర్డు మీద నుంచి దాని బిళ్ళ తీసేస్తారు. ఈ బాయిలో మనిషికైనా కుక్కకైనా బోర్డు మీద ఇత్తడి బిళ్ళ వేలాడుతుంటేనే గాలి వాటా. బిళ్ళ దిగిన కుక్కను తెల్లగదికి తీసుకుపోయి సూది వేస్తారు.

అందరికీ ఇచ్చే గడువు పది రోజులు. నేను నలభై అడిగాను. గాలి ఆఫీసు సర్దారు భూమయ్య సారు నా ముఖం చూసి నవ్వాడు.

"కాకా, నలభై ఇస్తె మాత్రం ముసలి కుక్క నేర్చుకుంటదా?"

"నేర్చుకోకుంటె నాకెందుకు సారూ నలభై? ఇయ్యండ్రి."

"రోజూ ఏం జేసినవో పుస్తకంల రాయాలె. ఆఖర్న మేము చదువుతం."

"రాస్త. మీ కండ్లు నొయ్యాలె, గంత రాస్త."

ఇదే ఆ పుస్తకం. చదువుతున్న సార్లందరికీ దండాలు. మీరు ముసలి కుక్క అంటున్నారు కదా, నేను దాన్ని బడిలో చేర్చాను. అదీ రాసుకోండి.

రెండో రోజు

పరీక్షకు ఏ పని నేర్పాలో మేమే ఎంచుకుని రాసివ్వాలి. నేను ఇచ్చింది ఇది. నేల మీద వరసగా ఆరు మూతగిన్నెలు. ఒక్క గిన్నెలో వాము ఆకు రుద్దిన గుడ్డ. మిగతా వాటిలో ఉత్త గుడ్డలు. జొన్నకు ముందు వాము వాసన చూపించాలి. అది ఆరింటినీ చూసుకుని, సరైన గిన్నె మూత మీద గడ్డం ఆనించి ఆగాలి. అరవకూడదు.

చిన్న పనే అనుకునేవాళ్లు ఒకటి ఆలోచించండి. పదేళ్లు వాసన తగలగానే అరవమని నేనే నేర్పాను. ఇప్పుడు అరవకుండా తల వాల్చమంటున్నాను. అది దానికి కొత్త పని కాకపోతే మరేమిటి?

దానికి చెవులు వినపడవు. కళ్లలో మబ్బు కమ్మింది. ముక్కు మాత్రం బంగారం! అరచేయి నేల వైపు తిప్పి చూపిస్తే "వెతుకు" అని గుర్తు పెట్టాను. తుంటి నొప్పికి నేల జారకుండా ఇల్లంతా గోనెపట్టాలు పరిచాను. ఇల్లు ధాన్యం కొట్టులా ఉంది. ఉండనీ.

మూడో రోజు

మా సుగుణ వచ్చింది. సుగుణ నా ఒక్కగానొక్క బిడ్డ. మస్టరు గుమస్తా. ఈ బాయిలో రెండు వేల ఎనిమిది వందల బిళ్ళలు ఆమె చేతి మీదుగానే ఎక్కుతాయి, దిగుతాయి. నా బిడ్డ అని చెప్పడం కాదు గానీ, ఆ బోర్డు ముందు నిలబడితే సర్దారు కంటే తనే పెద్దగా కనిపిస్తుంది.

గోనెపట్టాలు చూసింది, గిన్నెలు చూసింది, నన్ను చూసింది.

"బాపు, నలభయ్యో రోజు గా బిళ్ళ ఎవలు తియ్యాలె?"

"ఎవలూ తియ్యరు."

"నేను తియ్యాలె. నా చేతుల్తోని నేనే తియ్యాలె. గది ఆలోచించినవా?"

"నువ్వు తీసే పని రాదంటున్న గదా బిడ్డా."

"పది రోజులైతె పది రోజుల్ల అయిపోతుండె. ఇప్పుడు నలభై రోజులు రోజూ నిన్ను చూసుకుంట గా బోర్డు కాడ నిలబడాలె నేను."

జొన్న వెళ్లి ఆమె పాదం మీద గడ్డం పెట్టుకుని పడుకుంది. నేను చప్పట్లు కొట్టాను. "చూసినవా? గడ్డం పెట్టుడు దానికి ముందే వచ్చు!"

సుగుణ నవ్వలేదు. కాలు కూడా తీసుకోలేదు.

ఆరో రోజు

పాఠం ఎంతసేపు చెప్పాలో తెలిసింది. గిన్నెడు టీ మరిగేంత సేపు. అంతకు మించితే జొన్న ఆవులిస్తుంది, పక్కకు చూస్తుంది. రోజుకు మూడు టీలు, మూడు పాఠాలు. నాకూ బాగానే ఉంది.

పాఠం లేనప్పుడు కూడా దాని బుర్రకు పని పెడుతున్నాను. గుంతపొంగణాల పెనం తీసి, గుంతల్లో ఎండుచేప ముక్కలు వేసి, పైన గుడ్డ ఉండలు కప్పాను. ఒక్కో ఉండ మూతితో తోసి ఒక్కో ముక్క తింటుంది. మొదటి రోజు పెనం మొత్తం తిరగేసింది. మూడో రోజుకు ఒక్కో గుంత వరసగా ఖాళీ చేసింది. తువ్వాల లోపల చేపముక్కలు పెట్టి చుట్ట చుట్టి ఇస్తే, ముక్కుతో విప్పుకోవడం కూడా నేర్చుకుంది. గిన్నెలో వేసి ఇచ్చిన తిండి కంటే వెతుక్కున్న తిండి దానికి ఎంత రుచో! తోక ఊపు చూస్తే తెలుస్తుంది.

నడకకు రోజూ ఒకే దారి పోవడం మానేశాం. ఇవాళ బాయికి గాలి తోలే పంకా ఇంటి వైపు, రేపు పుట్టగొడుగుల అరల వైపు. డ్యూటీ రోజుల్లో నేను దాన్ని లాక్కుని పోయేవాణ్ణి. ఇప్పుడు అది ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతున్నాను. ఒక రాయిని అది ఎంతసేపు వాసన చూసిందంటే, నాకే ఆ రాయి మీద గౌరవం పుట్టింది.

తొమ్మిదో రోజు

సంతోషం కాని సంగతి కూడా రాయాలి, లేకపోతే ఇది అబద్ధపు పుస్తకం అవుతుంది.

ఇవాళ పొద్దున జొన్న మూలకు పోయి గోడకు ముక్కు ఆనించి నిలబడిపోయింది. వెనక్కి రావడం మరిచిపోయింది. ముందు నెలకోసారి ఇలా జరిగేది. ఈ వారంలో ఇది రెండోసారి. నేను లాగలేదు. వెళ్లి పక్కన నిలబడ్డాను, నా ముఖం కూడా గోడకే. కాసేపటికి దాని భుజం మీద చేయి వేసి మెల్లగా తిప్పాను.

అదే సమయానికి మా బావమరిది బానయ్య లోపలికి వచ్చాడు. నా భార్యకు తమ్ముడు, నాతో పాటు ముప్పై ఏళ్లు ఇదే బాయిలో పనిచేశాడు. నోరు పంకా కంటే పెద్దది.

"ఏం బావా, ఇద్దరూ గోడ మీద ఏం చదువుతున్నరు?"

"నీ జాతకం."

"ఏడో తరగతి తప్పినోడు బడి పెట్టిండట, కుక్క ఫస్టు క్లాసుల పాసైతదట. బాయంత నవ్వుతున్నరు."

"నవ్వనియ్యి. నవ్వినోళ్ల పేర్లు చెప్పు, పుస్తకంల రాసుకుంట."

"నాదే మొదలు రాసుకో," అని కూర్చుని టీ అడిగాడు. అందుకే రాశాను. బానయ్య నవ్వాడు.

పద్నాలుగో రోజు

పెట్టింది! గడ్డం పెట్టింది! మూడో గిన్నె దగ్గర ఆగి, ఒక్క ఊపిరి పీల్చి, అరవబోయి మానుకుని, మూత మీద గడ్డం ఆనించి నా వైపు చూసింది! నేను చేసిన గోలకు పక్కింటివాళ్లు గాలి పోయిందేమోనని ముసుగులు తగిలించుకుని బయటికి ఉరికివచ్చారు. నాకు పంకా ఇంటి నుంచి హెచ్చరిక చీటీ వచ్చింది. దాన్ని ఈ పేజీకే అంటించాను. సార్లు చూడాలి, ముసలి కుక్క నేర్చుకోవడం ఎంత గోల చేసిందో.

ఇరవయ్యో రోజు

పది సార్లలో ఎనిమిది సార్లు సరిగ్గా. నేనే నమ్మలేకపోతున్నాను.

బయటి మనిషి చెబితే చేస్తుందో లేదో చూడాలని బానయ్యను పిలిచాను. వాడు మొదట కుక్కకు నమస్కారం పెట్టి వెటకారం చేశాడు. తర్వాత అరచేయి నేల వైపు తిప్పాడు. జొన్న నేరుగా పోయి అయిదో గిన్నె మీద గడ్డం పెట్టింది. బానయ్య నోరు మూతపడింది. అంత వింత నేను ఈ బాయిలో ఇంతవరకు చూడలేదు.

"మళ్లొక్కసారి చెయ్యమను బావా," అన్నాడు మెల్లగా.

మళ్లీ చేసింది.

ఇంకా ఇరవై రోజులు ఉన్నాయి. అవసరం లేదు, రేపే పరీక్ష పెట్టండి అని అర్జీ రాద్దామనుకుంటున్నాను. సుగుణకు చెబితే ఒక్కరోజు ఆగమంది. తనొకసారి చూస్తుందట.

ఇరవై రెండో రోజు

సుగుణ చెబితే జొన్న కదలలేదు.

అరచేయి చూపించింది. జొన్న నిలబడి చూసింది. మళ్లీ చూపించింది. కూర్చుంది. నాలుగు సార్లు. ఒక్క గిన్నె వైపు కూడా పోలేదు.

"నువ్వు చెయ్యి సరిగ తిప్పుతలేవు," అన్నాను.

"నీలెక్కనే తిప్పిన."

"ఆఫీసు చెయ్యి అది. దానికి తెలుస్తది."

అనకూడని మాట అన్నాను. సుగుణ వాము గుడ్డ గిన్నెలో పెట్టి మూత వేసి వెళ్లిపోయింది. తర్వాత నేను చెబితే జొన్న చక్కగా చేసింది. నాకు సంతోషం కలగలేదు. నా ఇంట్లో నాకు చేసి, నా బిడ్డకు చేయని పని సర్దారుకు చేస్తుందా?

ఇరవై మూడో రోజు

సుగుణ మళ్లీ వచ్చింది. నా బిడ్డ అలిగి కూర్చునే రకం కాదు. గుమ్మం పక్కన గోనెపట్టా మీద కూర్చుని, "నువ్వు చెప్పు బాపు, నేను చూస్త," అంది. నేను పాఠం చెప్పాను. బానయ్యను కూడా పిలిపించి చెప్పించింది. ఇద్దరికీ చేసింది.

"దొరికింది," అంది. "మీరిద్దరూ కట్టె ఎత్తుతున్నరు."

"ఏం కట్టె?"

"నీ చేతిలున్నది ఏంది?"

చూసుకున్నాను. కుడిచేతిలో కప్పు కట్టె ఉంది.

బాయిలో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లోపల ఎక్కడ అడుగు పెట్టినా, ఎక్కడ కూర్చోబోయినా, ముందు కట్టెతో పైకప్పు తట్టి చప్పుడు వినాలి. గట్టి కప్పుదో చప్పుడు, వదులు కప్పుదో చప్పుడు. యాభై ఏళ్లు తట్టాను. ఇప్పుడు కప్పుకు ఇనుప బోల్టులు బిగించారు, సుగుణ వయసు వాళ్లెవరూ తట్టరు. మేం ముసలివాళ్లం మాత్రం ఊపిరి పీల్చినట్టు తట్టేస్తాం, తట్టామని కూడా తెలియదు. ప్రతి పాఠానికీ ముందు నేను కట్టె ఎత్తి రెండు దెబ్బలు కొట్టి, తర్వాత అరచేయి చూపిస్తున్నాను. బానయ్య కూడా అంతే. మబ్బు కమ్మిన కళ్లకు నా అరచేయి కనిపిస్తుందా? పైకి లేచిన కట్టె కనిపిస్తుంది. పాపం జొన్న ఇరవై రోజులుగా కట్టెను చూసి బయలుదేరుతోంది.

మస్టరు హాలుకు ఇనుప కప్పు. అక్కడ ఎవరూ తట్టరు. కట్టెలు బయటే వదిలి రావాలి.

బానయ్య నా వైపు చూసి నవ్వబోయి, తన చేతిలో కట్టె చూసుకుని ఆగిపోయాడు.

ఇరవై అయిదో రోజు

కట్టెలు రెండూ సుగుణ పట్టుకుపోయింది. ఇంట్లో నేను దిక్కులేనివాడిలా తిరుగుతున్నాను. కుర్చీలో కూర్చోబోతే చేయి పైకి లేస్తుంది, కట్టె ఉండదు. పిడికిలితోనైనా కప్పు తడుతున్నాను. జొన్న వెంటనే లేచి గిన్నెల వైపు పోతోంది.

అంటే కొత్త పని నేర్చుకోవాల్సింది నేను. డెబ్బై ఒకటో ఏట, తట్టకుండా కూర్చోవడం.

సరే! నేర్చుకుంటాను! కుక్క నేర్చుకోగలిగితే నేను నేర్చుకోలేనా? కుడిచేయి తువ్వాలతో నడుముకు కట్టేసుకున్నాను. బానయ్య చూసి, "పెండ్లిపిల్ల లెక్కున్నవ్ బావా," అన్నాడు. కొత్త గుర్తు కూడా పెట్టాం. కళ్లకు, చెవులకు పని లేని గుర్తు. జొన్న భుజం మీద రెండు వేళ్లు ఆనించాలి. అంతే.

మొదటి రోజు పది సార్లలో ఒక్కసారి కూడా కదలలేదు. ఇంకా పదిహేను రోజులున్నాయి. ఏమీ పరవాలేదు.

ఇరవై తొమ్మిదో రోజు

పదిలో మూడు! నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. సున్నా నుంచి మూడు!

కింది వరసలో పదకొండు ఇళ్లవాళ్లు వంతులవారీగా వస్తున్నారు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. వచ్చి రెండు వేళ్లు ఆనించి, చేపముక్క పెట్టి పోతారు. ఎవరి వేళ్లు ఎలా ఉన్నా జొన్నకు గుర్తు ఒకటే కావాలి కదా. పుట్టగొడుగులు తెంపే లచ్చుంబాయి వేళ్లు చల్లగా ఉంటాయట, జొన్న ఒళ్లు జలదరించి మరీ పోయి గడ్డం పెట్టింది. ఆమె వెళ్తూ, "మా అత్తకు సుత గిట్ల పొంగణాల పెనం ఇస్త," అంది. ఇవ్వమన్నాను.

ముప్పై ఒకటో రోజు

తినలేదు. రెండు సార్లు గోడ దగ్గర ఆగిపోయింది. మూడో పాఠానికి లేపబోతే గుర్రుమంది. పదమూడేళ్లలో నా మీద గుర్రుమనడం ఇదే మొదలు.

సుగుణ వచ్చి దాని పక్కన కూర్చుంది.

"నువ్వు రోజుకు ఎన్ని పాఠాలు చెప్తున్నవ్ బాపు?"

"ఏడు. ఎనిమిది. రోజులు తక్కువున్నయి గద."

"టీ మరిగేంత సేపు మూడుసార్లు అని నువ్వే రాసినవ్."

"పుస్తకం చదివినవా నువ్వు?"

"రోజూ చదువుతున్న. నువ్వు పడుకున్నంక కాదు, నువ్వు చూస్తుండంగనే చదువుతున్న. నీకు కుక్క తప్ప ఏం కనపడుతలేదు." జొన్న చెవి నిమిరి అంది, "రెండు రోజులు బడి బందు పెట్టు. అది గెలవాలంటె నిద్రపోవాలె."

బడికి సెలవు ఇచ్చాను. మేం ముగ్గురం మధ్యాహ్నం గోనెపట్టాల మీద పడుకున్నాం. నా బిడ్డ నా పక్కన పడుకుని ముప్పై ఏళ్లయింది.

ముప్పై ఆరో రోజు

పదిలో ఏడు! సెలవు పనిచేసింది! చిన్న పాఠాలు, నడుమ నిద్ర, ఎండుచేప బదులు ఇవాళ కొంచెం కోడిగుడ్డు. బయటివాళ్లు చెప్పినా ఆరు. గోడ దగ్గర ఆగడం మాత్రం పోలేదు. అది పోదని నాకూ తెలుసు. బుర్రకు పని పెడితే ముసలితనం పోతుందని నేను ఎవరికీ చెప్పడం లేదు. ముసలితనంలో కూడా నేర్చుకోవచ్చు అంటున్నాను. రెండూ వేరు. సార్లు ఈ రెండు ముక్కల కింద గీత గీసుకోవాలి.

నలభయ్యో రోజు

ఇది రాస్తుంటే నా చొక్కా ఇంకా తడిగానే ఉంది, చెమటకో దేనికో. జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ పరీక్ష. మస్టరు హాలు నిండా జనం. బోర్డు కింద సుగుణ నిలబడింది. జొన్న బిళ్ళ నాలుగు వందల పన్నెండో నంబరు, ఆమె తల పక్కనే వేలాడుతోంది. నన్ను గీత అవతల నిలబెట్టారు. మాట్లాడకూడదు, సైగ చేయకూడదు.

భూమయ్య సారే బయటి మనిషి. వాము గుడ్డ జొన్నకు చూపించాడు. గిన్నెలు తనే అటూ ఇటూ మార్చాడు. గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. జొన్న భుజం మీద రెండు వేళ్లు ఆనించాడు.

జొన్న కదిలింది. మొదటి గిన్నె వాసన చూసింది. రెండోది చూసింది. తర్వాత మూడో గిన్నె దాటుకుని, నాలుగో గిన్నె దాటుకుని, హాలు చివరకు పోయి, మూలలో గోడకు ముక్కు ఆనించి నిలబడిపోయింది.

తువ్వాల నోట్లో కుక్కుకున్నాను. భుజం మీద చేయి వేసి తిప్పితే చాలు. తిప్పడానికి లేదు.

గడియారం చప్పుడు నాకు వినిపించింది. భూమయ్య సారు చూసి, "నాలుగు నిమిషాలైంది," అన్నాడు. గొంతులో కోపం లేదు. "కాకా, నువ్వు చాన కష్టపడ్డవు. సుగుణమ్మా, నాలుగు వందల పన్నెండు తియ్యి."

సుగుణ చేయి ఎత్తింది. బిళ్ళ వైపు కాదు. పక్కన మేకుకు వేలాడుతున్న రూళ్ల పుస్తకం తీసింది.

"నాలుగు నిమిషాలు ఏ లైన్ల ఉన్నది సారూ?"

"ఏంది?"

"బుద్ధి పరీక్ష రూలు ఏడు లైన్లు. చదువుత." చదివింది. హాలంతా వినేట్టు ఏడు లైన్లూ చదివింది. కొత్త పని అని ఉంది. బయటి మనిషి అని ఉంది. ఒక్కసారే అవకాశం అని ఉంది. "టైము అన్న మాట లేదు."

"ఎప్పటినుంచో నాలుగు నిమిషాలే గద. పద్ధతి."

"పద్ధతి వేరు, రూలు వేరు. మొన్న నేను లీవు అడిగితె మీరే చెప్పిండ్రు."

జనంలో ఎవరో నవ్వారు. భూమయ్య సారు చెవులు ఎర్రబడ్డాయి. "అయితె ఎంతసేపు నిలబడుదాం? షిఫ్టు పోవాలె."

"షిఫ్టు సుత రూల్ల లేదు సారూ," అని నా బిడ్డ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నలభై రెండేళ్ల మస్టరు గుమస్తా, బోర్డు కింద, నేల మీద!

బానయ్య వెంటనే ధబీమని కూర్చున్నాడు. "నా మోకాళ్లు నొస్తున్నయి, నేను లేవ," అన్నాడు అడగకుండానే. లచ్చుంబాయి కూర్చుంది. కింది వరస అంతా కూర్చుంది. తర్వాత, నాకు పేర్లు కూడా తెలియని పై వరస జనం కూర్చున్నారు. చివరికి భూమయ్య సారు ఒక్కడే నిలబడ్డాడు, గోడ వైపు ముఖం పెట్టిన జొన్న ఒక్కతే నిలబడింది.

ఎవరూ పిలవలేదు. అంతమంది పనివాళ్లు ఒక ముసలి కుక్క వీపు చూస్తూ కూర్చున్నారు. నాకు డ్యూటీ రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు కూడా దాని వీపే చూస్తూ నడిచేవాళ్లం, అది ముందుకు పోతేనే మేం ముందుకు.

పందొమ్మిదో నిమిషంలో జొన్న తల తిప్పింది. ఎవరూ తిప్పలేదు. నిద్ర లేచినట్టు అటూ ఇటూ చూసి, ఒళ్లు దులుపుకుని, మొదటి గిన్నె దగ్గరికి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి! ఒకటి. రెండు. మూడు. ప్రతి మూత మీద ఒక్కో ఊపిరి. నాలుగు. అయిదు దగ్గర ఆగింది. ఆరో గిన్నె కూడా చూసి, వెనక్కి వచ్చి, అయిదో గిన్నె మూత మీద గడ్డం ఆనించింది. అరవలేదు. కళ్లు మూసుకుని అక్కడే పడుకుంది.

భూమయ్య సారు దాని గడ్డం కింద నుంచి మూత మెల్లగా జరిపి, గుడ్డ తీసి వాసన చూశాడు. ఆయన పాస్ అనే మాట నోటితో అన్నాడో లేదో నాకు తెలియదు, ఆ గోలలో ఏమీ వినపడలేదు. నేను గీత ఎప్పుడు దాటానో కూడా తెలియదు. ఒక చేత్తో జొన్నను, ఒక చేత్తో సుగుణను పట్టుకుని ఏడ్చాను. "బాపు, అందరు చూస్తున్నరు," అంటూ తనూ ఏడ్చింది.

సంతకం పెట్టేటప్పుడు సారు అన్నాడు, "వానాకాలం సభల నాలుగు నిమిషాలు అని రూల్ల రాయిస్త కాకా. గప్పుడేం జేస్తవు?"

"రాయించుండ్రి సారూ. అన్ని బాయిల ముసలి కుక్కలను తీసుకొని గా సభకే వస్త. రూలు రాసేటప్పుడు అవి మీ ముందు కూసుంటయి."

ఆయన సంతకం గట్టిగా పెట్టాడు, కాగితం చిరిగేంత.

ఈ పుస్తకం రేపు ఆఫీసుకు ఇవ్వాలి. కింది పేజీ మాత్రం చింపి నా దగ్గర ఉంచుకుంటాను. వానాకాలం సభకు రెండు నెలలు ఉంది. ఈలోపు అర్జీ పెట్టుకున్న కుక్కకు ఇప్పటి రూలే. అందుకని ఆలస్యం లేకుండా చెప్పవలసిన మనవాళ్లు:

మా చెల్లె నర్సవ్వ, రెండో బాయి. ఆమె దగ్గర ఉన్న కుక్క, పేరు నువ్వు, మా జొన్న రెండో కానుపు బిడ్డ, వచ్చే నెలకు పదేళ్లు. పది నిండిన రోజే అర్జీ పెట్టాలి. నలభై రోజులు అడగాలి, పదికి ఒప్పుకోకూడదు. పొంగణాల పెనం ఆమెకు ఉంది, పోయినసారి నేనే ఇచ్చాను.

మేనల్లుడు సారయ్య, ఎనిమిదో బాయి. అతని దగ్గర ఉన్న సామ కూడా అదే కానుపు. అతనికి కోపం ఎక్కువ. కుక్క మీద అరవొద్దని ముందు చెప్పి, తర్వాత శుభవార్త చెప్పాలి.

మా వదినె భూలచ్చిమి, అయిదో బాయి. ఆమె కుక్క కొర్రకు ఇంకా తొమ్మిదేళ్లే. అయినా బడి ఇప్పుడే మొదలుపెట్టమనాలి. కప్పు కట్టె దాచిపెట్టమనాలి, ఆమె కూడా తడుతుంది.

బానయ్య పెద్దబిడ్డ మణెమ్మ, తొమ్మిదో బాయి. కుక్క లేదు. అయినా ఆమెకు పొద్దున చెబితే మధ్యాహ్నానికి అన్ని బాయిలకూ తెలుస్తుంది.

మా తమ్ముడు పోశం, మూడో బాయి. మొదటి కానుపు గంటి అతని దగ్గరే ఉండేది. పోయిన మాఘంలో పరీక్ష పెట్టారు. అది గోడ దగ్గర నిలబడిపోయిందట, నాలుగు నిమిషాలు కాగానే బిళ్ళ తీశారట. తమ్ముడు ఎదురు అడగలేదు. అతనికి మణెమ్మ నోటితో తెలియకూడదు. రేపు పొద్దున్నే జొన్నను తీసుకుని నేనే నడిచిపోయి చెప్పాలి.